తేమ తీసిన తూకం

ఇంట్లోనే స్కోరరుంటే కుర్రాడికి హిట్లకేం కొదవ అని మా పక్కింటి మేబుల్ స్టకీ బేకరీలో నలుగురి ముందూ అందట. ఆ మాట అమ్మకి మోసుకొచ్చింది బేకరీవాళ్ల చెల్లెలు. అమ్మ దాన్ని రెండు రోజులు కడుపులో దాచుకుని, మూడో రోజు బఠానీలు ఒలుస్తూ నాన్న చెవిన వేసింది. నాన్న మాత్రం చేతిలో ఉన్న కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసి, "ఈ ఏడు పురుగు తక్కువే" అన్నాడు. మేలో జరిగిందిది. ఆ వేసవి మా ఇల్లు ఎలా ఉడికిపోయిందో తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ బఠానీ గిన్నే ముందు గుర్తొస్తుంది.

మా బెల్మార్ అయోవాలో నదిని ఆనుకున్న చిన్న ఊరు. మొక్కజొన్న, సోయా, ఓట్స్ గింజ, బేస్‌బాల్. ఊరికి తెలిసినవి ఆ నాలుగే. బంతి కొట్టి ఫస్ట్ బేస్ చేరితే హిట్టు, ఫీల్డరు ఎగిరి దూకి వేలు తగిలించినా సరే. చేతిలోకొచ్చిన బంతిని ఫీల్డరు జారవిడిచినందువల్ల చేరితే అది ఫీల్డరు తప్పు. బ్యాటరు బేస్ మీద నిలబడ్డా లెక్కల్లో మాత్రం ఔటైనట్టే. ఏది హిట్టో, ఏది తప్పో తేల్చేది స్టాండు నెత్తినున్న చెక్కగదిలో పెన్సిలు పట్టుకు కూర్చునే స్కోరరు. నలభై ఏళ్లకు పైగా ఆ పెన్సిలు మా నాన్న ఆర్లో క్రూగర్‌ది. పగలంతా రైలుకట్ట పక్కన ధాన్యం గోదాంలో కాటా చూసేవాడు, ఆట ఉన్న పూట స్కోరు రాసేవాడు. రెండు చోట్లా ఆయన చెప్పిందే తూకం.

1968లో మా తమ్ముడు డ్వేన్ మా ఊరి జట్టులోకే వచ్చిపడ్డాడు. జట్టు పేరుకి మాది గానీ ఆటగాళ్లందరూ పైనున్న పెద్ద క్లబ్బు మనుషులు. ఎవణ్ని ఏ ఊరు పంపాలో, ఎవణ్ని ఇంటికి పంపాలో వాళ్లదే మాట. ఊరి కుర్రాడైతే నాలుగు టిక్కెట్లు ఎక్కువ తెగుతాయని వాణ్ని మాకే వదిలారు. వాడు ఏప్రిల్లో రాగానే మేనేజరు పిలిచి తేల్చేశాడు: "రెండొందల యాభై అందుకుంటే వచ్చే ఏడూ ఆడమని ఉత్తరమొస్తుంది. అందుకోకపోతే రాదు." వెయ్యిసార్లు బ్యాటు పట్టుకు నిలబడితే రెండొందల యాభై హిట్లన్నమాట. ఉత్తరం రాకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. గోదాంలో గింజ తోసే పార పని నాన్న వాడి కోసం అప్పుడే మాట్లాడిపెట్టాడు.

నేను ఊరి బళ్లో లెక్కలు చెప్పేదాన్ని. ఇరవై తొమ్మిదేళ్లొచ్చినా ఆ ఇంట్లోనే, మేడమీద గదిలో ఉండేదాన్ని. సెలవుల్లో చేతికి పని లేక, ఎండకి పడుకోలేక, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఊరికే తిరుగుతుండేదాన్ని. డ్వేన్ నాకంటే కుదురులేని మనిషి. భోజనం బల్ల దగ్గర కూర్చున్నా వాడి మోకాలు ఆడుతూనే ఉండేది, బల్లమీది గ్లాసుల్లో నిమ్మరసం వణికేది.

జులైలో ఒక మధ్యాహ్నం ఆ మోకాలే గొడవ తెచ్చింది.

"ఆ కాలు ఆపరా" అన్నాడు నాన్న. "క్లెమ్ ఆగ్డెన్‌కి ఇలాంటి అలవాట్లు లేవు. ఆరేళ్లు ఆడాడు. మూడొందల ఇరవయ్యేడు."

క్లెమ్ ఆగ్డెన్ నాన్న ప్రాణం. నాన్న కుర్రస్కోరరుగా ఉన్న రోజుల్లో, 1926 నుంచి ఆరేళ్లపాటు మా ఊరికి ఆడాడు. ఆరేళ్ల సగటు మూడొందల ఇరవయ్యేడు. మా ఇంట్లో ఎక్కాలకంటే ముందు నేర్చుకున్న అంకె అది.

"నాన్నా, ఈ ఏడు దేశంలో ఎవడూ కొట్టట్లేదు" అన్నాడు డ్వేన్. "బంతి విసిరే పిచ్చర్లకేదో దెయ్యం పట్టినట్టుంది. మా లీగులో మూడొందలు కొట్టేవాడే ఇద్దరో ముగ్గురో."

"సాకులు చెప్పకు. మూడొందలంటే మూడొందలే. తూకంరాయి ఆ కాలానికొకటి, ఈ కాలానికొకటి ఉంటుందా?"

నాకు ఎందుకో ఒళ్లు మండింది. "రాయి మారదు నాన్నా. గింజ మారుతుంది. వానాకాలం తెచ్చిన మొక్కజొన్నా, ఎండబెట్టిన మొక్కజొన్నా కాటా మీద ఒకటేనా? తేమ ఎంతుందో చూసి, అది తీసేసే కదా నువ్వు తూకం కడతావు?"

అమ్మ మొక్కజొన్న పొత్తు కొరుకుతూ ఆగింది. నా మాట నాన్న కాటా మీదకి ఎక్కింది, దింపే దారి లేదు.

"సరే," అన్నాడు చివరికి. "క్లెమ్ అంకెలోంచి తేమ తీసి చూపించు. పంతులమ్మవి కదా."

లీగువాళ్లు వారం వారం పంపే కాగితాలు, ఏటేటా వేసే పుస్తకాలు నాన్న బీరువాలో పేర్చి ఉండేవి. మూడు రోజులు వరండాలో కూర్చుని లెక్క వేశాను. క్లెమ్ ఆడిన ఆరేళ్లలో లీగు మొత్తం మీద సగటు మూడొందల మూడు. అప్పుడు కొట్టనివాడే లేడు, పిచ్చర్లు కూడా కొట్టేవాళ్లు. ఈ ఏడు లీగు సగటు రెండొందల ముప్పై ఒకటి. క్లెమ్ తన కాలపు మామూలు ఆటగాడికంటే నూటికి ఎనిమిది పాళ్లు ఎక్కువ కొట్టాడు. ఆ రోజుకి రెండొందల నలభై తొమ్మిది దగ్గరున్న డ్వేన్ తన కాలపు మామూలు ఆటగాడికంటే ఎంత ఎక్కువ? ఎనిమిదే. లెక్క నాలుగుసార్లు వేశాను. ఎనిమిదే.

కాగితం ముందు డ్వేన్‌కి చూపించాను. వాడు మెట్లమీద కూర్చుని బూట్ల అడుగున మట్టి గీకుతున్నాడు.

"అంటే నేనూ క్లెమ్ ఆగ్డెన్ సమానమా?"

"సమానం."

"నవ్వొస్తోందక్కా. ఆయన పేరు మన మైదానం గోడ మీదుంది. నా పేరు నాన్న పుస్తకంలోనే సరిగ్గా పడట్లేదు." అని లేచి వెళ్లిపోయాడు. ఆ మాట మీద నేను అప్పుడు ఆగలేదు. నా లెక్క గెలిచిన సంబరంలో ఉన్నాను.

నాన్న కళ్లద్దాలు పెట్టుకుని, పెన్సిలు తీసి, నా భాగాహారాలన్నీ మళ్లీ చేశాడు. తప్పు దొరకలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చేశాడు.

"లెక్క లెక్కే. కానీ క్లెమ్‌ని నేను కళ్లారా చూశాను. ఒక్కో హిట్టూ నేను చూసి రాసిందే. నా పుస్తకాలు పైన ట్రంకుపెట్టెలో ఉన్నాయి, కావాలంటే తిరగెయ్యి."

తిరగెయ్యకుండా ఉంటే ఆ వేసవి మాకు ఏదో ఒక రకంగా గడిచిపోయేదేమో. అటక మీద కోడిగుడ్డు పెడితే ఉడికేంత వేడి. ట్రంకుపెట్టెలో ఏడాదికొక పుస్తకం, అట్టమీద నాన్న గుండ్రటి చేతిరాత. నాన్న రాసింది మా ఊళ్లో జరిగిన ఆటలే. పొరుగూరి ఆటలు పొరుగూరి స్కోరర్లు రాస్తారు. కాబట్టి మొత్తంలోంచి నాన్న పుస్తకంలోవి తీసేస్తే మిగిలేవి బయట కొట్టినవి.

క్లెమ్ ఆగ్డెన్: బెల్మార్‌లో మూడొందల డెబ్బై ఒకటి. బయట రెండొందల ఎనభై మూడు.

సొంత మైదానంలో ఎవడైనా కాస్త ఎక్కువే కొడతాడు. పదీ ఇరవై ఎక్కువ. ఎనభై ఎనిమిది తేడా నేనెక్కడా చూడలేదు. కిందికి దిగి ఈ ఏటి పుస్తకం తీశాను. చేతులు చెమటకి కాగితానికి అంటుకుంటున్నాయి.

డ్వేన్ క్రూగర్: బయట రెండొందల డెబ్బై రెండు. బెల్మార్‌లో రెండొందల ఇరవై ఆరు.

క్లెమ్ ఆగ్డెన్ రేవు దగ్గర ఎర దుకాణం పెట్టుకుని, వానపాములు అమ్ముతూ, పడవలు అద్దెకిస్తూ ఉండేవాడు. అరవై దాటినా భుజాలు తగ్గలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఆయన మట్టి తొట్టెలో చెయ్యి పెట్టి వానపాములు వేరుచేస్తున్నాడు.

"ఆర్లో కూతురివి కదూ? వెల్మావి. చేపలు పట్టే మొహంలా లేదే నీది."

"ఆగ్డెన్ గారూ, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మా ఊళ్లో మీరు కొట్టిన హిట్లన్నీ హిట్లేనా?"

ఆయన చెయ్యి తొట్టెలోనే ఉండిపోయింది. తరవాత పెద్దగా నవ్వాడు. దుకాణం రేకులు మోగాయి.

"ముప్పై ఏడేళ్లు పట్టింది ఈ ఊరికి ఆ మాట అడగడానికి! షార్ట్‌స్టాప్ ఫీల్డరు కాళ్ల సందులోంచి బంతి పోయినా మీ నాన్న హిట్టే రాసేవాడమ్మాయీ. ఏడాదికి పదో పదిహేనో. ఆయన ఇచ్చాడు, నేను పుచ్చుకున్నాను. మొదట్లో సిగ్గేసేది. తరవాత నిజంగా నేనే కొట్టాననుకున్నా. అదీ దాని మహిమ."

"ఆ తరవాత?"

"ముప్పై రెండులో పై లీగువాళ్లు ఆ అంకె చూసి పిలిచారు. అక్కడ స్కోరరుకి నేనెవరో తెలీదు కదా. ఏడు వారాలు. టిక్కెట్టు కొని బస్సెక్కించారు." వేళ్లకున్న మట్టి దులుపుకున్నాడు. "బస్సు దిగేసరికి మీ నాన్న నిలబడి ఉన్నాడు. నా పెట్టె చేతిలోంచి తీసుకున్నాడు. ఏమైందని ఆయన అడగలా, నేను చెప్పలా. చెప్పుకోవడానికేముంది, ఇద్దరికీ తెలిసిందేగా."

నేను లేవబోతుంటే వెనకనుంచి అన్నాడు: "మీవాడి ఆట చూశా, మొన్న. వాడికి నాకంటే మంచి చేతులు. వాడికెందుకియ్యడు మీ నాన్న?"

అక్కణ్నించి తిన్నగా గోదాంకి వెళ్లాను. ఓట్స్ గింజ వచ్చే రోజులు. లారీలు రోడ్డుదాకా వరసకట్టి, ఇంజన్లు ఆపకుండా పొగ కక్కుతున్నాయి. నాన్న కాటాగదిలో గుండు జరుపుతూ, చీటీ రాస్తూ, ఇంకో లారీని రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. కాగితం ఆయన ముందు పెట్టాను. నాలుగే అంకెలు.

చూశాడు. చూడనట్టు చీటీ రాయబోయి, పెన్సిలు ఆపాడు.

"క్లెమ్ దగ్గరికెళ్లావా?"

"వెళ్లాను."

"ఆయనేమన్నాడు?"

"నువ్విచ్చావన్నాడు. తను పుచ్చుకున్నానన్నాడు."

నాన్న కిటికీలోంచి లారీల వరస వంక చూశాడు. ముఖం మీద ఓట్స్ దుమ్ము, అందులోంచి చెమట గీతలు.

"ఒకడి బతుకు ఆ పెన్సిల్తో పాడుచేశాను. ఇంకోడిది చెయ్యను. అందులోనూ నా కొడుకుది. నేనిచ్చిన హిట్లు పట్టుకుని వాడు పైకెళ్లి, ఏడు వారాలకి బస్సు దిగాలా? అసలు ఊరేమంటోందో నీకు తెలీదా?" గొంతు తగ్గించాడు. "మీ అమ్మ పుట్టింటి నలభై ఎకరాల గింజ ఈ కాటా మీదకొచ్చినప్పుడు నేనెలా తూస్తానో చూశావుగా. ప్రతి బండికీ పది పౌన్లు తగ్గించే రాశాను, ముప్పై ఏళ్లు. అందుకే ఈ ఊళ్లో నా చీటీని ఎవడూ మళ్లీ తూయించడు."

"అది మన గింజ నాన్నా, తగ్గించుకుంటే మనకే పోయింది. ఇది వాడి గింజ."

బయట లారీవాడు హారను కొట్టాడు.

"పక్కకి జరుగు," అన్నాడు నాన్న. "బండొస్తోంది."

డ్వేన్‌కి నేను ఏమీ చెప్పలేదు. చెబితే ఇంట్లో నాన్నా వాడూ ఇద్దరిలో ఒకరే మిగులుతారనిపించింది. ఆగస్టంతా నోట్లో రాయి పెట్టుకున్నట్టు తిరిగాను. ఊళ్లో ఆట ఉన్న రోజు వెళ్లకుండా ఉండలేను, వెళ్తే కూర్చోలేను. స్టాండు కింద అటూ ఇటూ నడిచేదాన్ని. వాడు కొట్టిన ప్రతి బంతికీ ముందు పైనున్న చెక్కగది వంక చూసేదాన్ని, ఆ తరవాతే బంతి ఎటు పోయిందో.

ఆఖరి ఆట సెప్టెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం, మా మైదానంలోనే. ఆట మొదలయ్యేసరికి వాడి లెక్క మూడొందల తొంభై ఏడుకి వంద హిట్లు. రెండొందల యాభై రెండు. ఒక్క హిట్టు పడితే చాలు, ఉత్తరం వచ్చినట్టే. అమ్మ కూడా వచ్చింది, టోపీ పెట్టుకుని, చర్చికి వచ్చినట్టు.

మొదటిసారి గాల్లోకి లేపి పట్టించాడు. రెండోసారి మూడు బంతులూ వదిలి వెనక్కొచ్చాడు. మూడోసారి బాగా కొట్టాడు గానీ తిన్నగా ఫీల్డరు గ్లవ్‌లోకే పోయింది. నాలుగు వందలకి వంద. సరిగ్గా రెండొందల యాభై. ఎనిమిదో ఇన్నింగ్సులో మళ్లీ వంతొచ్చింది. "కూర్చోబెట్టమను, ఇక ఆడొద్దనమను" అంది అమ్మ నా చెయ్యి గిల్లుతూ. మేనేజరు మావాడి దాకా వచ్చి చెవిలో ఏదో అన్నాడు కూడా. వాడు తల అడ్డంగా ఊపి, బ్యాటు తీసుకుని నడిచాడు.

రెండో బంతినే కొట్టాడు. నేలబారున, తూటాలా, షార్ట్‌స్టాప్‌కి కుడిపక్కగా. పొరుగూరి కుర్రాడు వాడు, ఒళ్లంతా చాచి దూకాడు. బంతి గ్లవ్ అంచుకి తగిలి పక్కకి దొర్లింది. వాడు లేచి పట్టుకునేసరికి డ్వేన్ బేస్ దాటి పోయాడు. ఆ కుర్రాడు బంతి విసరనైనా విసరలేదు.

స్టాండంతా లేచింది. అమ్మ టోపీ పడిపోయింది. డ్వేన్ బేస్ మీద నిలబడి పైకి చూశాడు. నేనూ చూశాను. చెక్కగదిలో నాన్న తల వంగి ఉంది. చాలాసేపు వంగే ఉంది. అప్పుడు బోర్డు మీద, తప్పు పడితే వెలిగే ఎర్రబల్బు వెలిగింది.

పొరుగూరి షార్ట్‌స్టాప్ బల్బు చూసి, గ్లవ్ తీసి నేలకేసి కొట్టి, "నాదా తప్పు?" అని పైకి అరిచాడు. జనంలో ఎవరో ఈలవేశారు. డ్వేన్ మాత్రం బల్బు వంక ఒక్కసారి చూసి, వంగి సాక్సు పైకి లాక్కున్నాడు. నాలుగొందల ఒకటికి వంద. రెండొందల నలభై తొమ్మిది.

ఆ సాయంత్రం నాన్న వరండాలో కూర్చున్నాడు, లేచాడు, తోటలోకి వెళ్లాడు, టమాటాలకి నీళ్లు పెట్టిన చోటే మళ్లీ పెట్టాడు. లీగు నిబంధనల్లో ఒకటుంది: స్కోరరు తన నిర్ణయం మార్చుకోవాలనుకుంటే ఇరవై నాలుగు గంటల లోపల మార్చుకోవచ్చు. మా ఇంట్లో అందరికీ ఆ నిబంధన తెలుసు. నలభై ఏళ్ల పైచిలుకులో నాన్న దాన్ని ఒక్కసారీ వాడలేదన్నదీ తెలుసు. అందుకని ఎవరూ అడగలేదు.

సోమవారం పన్నెండింటికి నాన్న గోదాం నుంచి భోజనానికి వచ్చాడు. చేతులు కడుక్కోలేదు. నేరుగా గోడకున్న ఫోను దగ్గరికెళ్లి లీగు ఆఫీసుకి కలపమన్నాడు. మేం ముగ్గురం బల్ల దగ్గరున్నాం. అమ్మ చేతిలో మాంసం ముక్క వడ్డించబోతూ ఆగిన గరిట.

"బెల్మార్ స్కోరరు ఆర్లో క్రూగర్‌ని. నిన్నటి ఆట, ఎనిమిదో ఇన్నింగ్స్. షార్ట్‌స్టాప్ మీద వేసిన తప్పు కొట్టేసి హిట్టు వేసుకోండి... అవును, బ్యాటరు క్రూగరే. అవును, మా అబ్బాయే... కాదు, ఎవరూ అడగలేదు. పొరపాటు నాది." ఆగాడు. "రాసుకున్నారా? పైకి చదవండి ఒకసారి."

వాళ్లు చదివింది విని, ఫోను పెట్టేశాడు. ఆ నోట పొరపాటన్న మాట నేను విన్నది అదే మొదలు. అమ్మ గరిట గిన్నెలో పెట్టి కళ్లు తుడుచుకుంది. నాన్న వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. దుమ్ము చేతులు బల్లమీద పెట్టుకుని, వాటి వంకే చూస్తూ అన్నాడు:

"రెండొందల యాభై రెండు. ఉత్తరమొస్తుందిరా."

డ్వేన్ టమాటా ముక్కల మీద ఉప్పు చల్లుకుంటున్నాడు. వాడి మోకాలు ఆడటం లేదు. గ్లాసుల్లో నిమ్మరసం కదలకుండా ఉంది. ఉప్పుసీసా మూతపెట్టి, పక్కన పెట్టి, తలెత్తకుండానే అన్నాడు:

"నిన్నటిదొక్కటేనా నాన్నా హిట్టు?"